రాజలింగన్న రివర్స్ గేరు

రాజలింగన్న కారెక్కే ముందు చెప్పులు విడిచేవాడు. డోరు పక్కన రెండూ జతగా నేల మీద పెట్టి, స్టీరింగును వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని, అప్పుడు సీట్లో కూర్చునేవాడు. కారు కదిలి మైదానం అవతలికి పోయేది. చెప్పులు మాత్రం పెట్టినచోటే ఎండలో ఉండిపోయేవి. డ్రైవింగు పాఠం అయ్యాక మళ్లీ అక్కడిదాకా పోయి వాటిని ఎక్కించుకోవాలి. ఇట్లా చెప్పుల కోసం పెట్రోలు తగలబెట్టడం నాకు ఒళ్లు మండే విషయం.

"అన్నా, ఇది కారు. మగ్గం కాదు. చెప్పులు కాళ్లకే ఉంచుకో," అన్నాను.

"కూసోని చేసే పని ఏదైనా గంతే తమ్మీ. చెప్పులతోని మగ్గం గుంటల దిగుతరా ఎవలన్న?" అన్నాడు. ఆయనకు కోపం రాదు. నాకు ఇంకా కోపం వచ్చేది అందుకే.

నా పేరు మొగిలి. వరంగల్ స్టేషన్ ముందు అంబాసిడర్ టాక్సీ నడిపేవాణ్ని. కారు సేటుది, కోపం మాత్రం నా సొంతం. కాశిబుగ్గలో రాజలింగన్న ఇంటి పక్క గదిలో కిరాయికి ఉండేవాణ్ని. ఆయన నేతపని చేసేవాడు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి కూర్చునే మగ్గం మీద. నాకంటే బాగా పెద్ద. నేను ఆ గదిలో దిగిన మొదటి వారం ఆ మగ్గం చప్పుడుకు నిద్ర పట్టక ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన నవ్వి, "అలవాటైతది తమ్మీ," అన్నాడు. అన్నట్టే అలవాటైంది. చప్పుడు లేని రోజున ఏమైందోనని నేనే తొంగిచూసేవాణ్ని.

డెబ్బై ఎనిమిదిలో ఆ చప్పుడు తరచుగా ఆగిపోతూ వచ్చింది. ఆగినప్పుడల్లా దగ్గు వినబడేది. లచ్చవ్వ వదినె, అంటే ఆయన భార్య, రాట్నం మీద నూలు కండెలు చుట్టడం ఆపి నీళ్లు తెచ్చేది. చివరికి నేనే ఇద్దర్నీ కారులో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆయన వీపు మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "తేమ గుంటలో కూర్చోవద్దు. దూది దుమ్ము పీల్చవద్దు. ఈ రెండూ మానకపోతే నీ ఊపిరి ఇంక ఎక్కువ రోజులు నడవదు," అన్నాడు.

నేతపని చేసేవాడికి గుంట వద్దు, దూది వద్దు అంటే ఇంక మిగిలేదేమిటి? 

సంగతి తెలిసి వదినె తమ్ముడు రాయమల్లు భివండీ నుంచి వచ్చాడు. అక్కడ మరమగ్గాల షెడ్డులో పని. "బావా, నా తాన ఖోలీ ఉన్నది, ముగ్గురం అండ్లనే ఉండొచ్చు. సేటుకు చెప్పిపెట్టిన. గుంట ఉండదు, నిలబడి చేసుడే," అన్నాడు. అని, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. లచ్చవ్వ తమ్ముణ్ని చూసింది. "నీకెప్పటి సంది రా ఈ దగ్గు?" అంది. "ఆడ అందరికీ ఉంటదక్కా. దూది ఎగురుతనే ఉంటది. ఫికర్ లేదు," అన్నాడు రాయమల్లు.  అక్కడికి పంపితే మొగుణ్ని చంపుకోవడమేనని ఆమెకు అర్థమైపోయింది. ఇక్కడుంటే తినేదేమిటో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడే నేత సహకార సంఘం ఒక వ్యాను కొన్నది. నూలు తెచ్చుకోవడానికి, బట్ట బేళ్లు స్టేషన్‌కు చేర్చడానికి. వ్యాను వచ్చింది గానీ డ్రైవరు లేడు. సంఘం ప్రెసిడెంటు వెంకటరాజంను లచ్చవ్వ నేరుగా పోయి అడిగింది. ఆయన మంచివాడే. "మనోడైతే నాకు సంబురమే చెల్లె. గని లైసెన్సు లేనోన్ని ఎట్ల పెట్టుకుంట? తెచ్చుకోమను. అందాక ఆపుతా. మస్తు దినాలు మాత్రం ఆపలేను," అన్నాడు.

ఆమె అక్కణ్నుంచి నా గది ముందుకు వచ్చి నిలబడింది. "మొగిలీ, మీ అన్నకు కారు నేర్పు," అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. నలభైకి దగ్గర పడ్డ మనిషికి, సైకిలు కూడా సరిగా తొక్కని మనిషికి నేను కారు నేర్పడమా అని లోపల అనుకున్నాను. పైకి మాత్రం తలూపాను. ఆమె ముఖం చూసి కాదనే ధైర్యం నాకు లేదు.

మధ్యాహ్నం రైళ్లు తక్కువగా ఉండే వేళ ఖిలా వరంగల్ వైపు ఖాళీ జాగాకు పోయేవాళ్లం. అక్కడ రాజలింగన్న నన్ను ఆశ్చర్యపరిచాడు. మామూలుగా కొత్తవాళ్లకు గేరు మార్చడం ఒక పట్టాన రాదు. క్లచ్ తొక్కితే యాక్సిలరేటర్ వదలరు, అది వదిలితే ఇది తొక్కరు, బండి ఏడుస్తుంది. రాజలింగన్నకు అది చెప్పాల్సిన పనే లేకపోయింది. ఎడమ కాలు కిందికి పోతే కుడికాలు దానంతటదే పైకి లేచేది. కుడిది దిగితే ఎడమది లేచేది. బండి నూనె రాసినట్టు పోయేది. "అన్నా, నువ్వు పుట్టుక డ్రైవర్‌వే!" అని వీపు చరిచాను. ఆయన చిన్న పిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

ఆ మాట అన్నందుకు రివర్స్ గేరు దగ్గర నా నాలుక కరుచుకున్నాను.

లైసెన్సు పరీక్షలో అసలు కష్టం అదే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారంగపాణి గారు సున్నంతో నేల మీద పొడవాటి గడి గీయించేవాడు. నాలుగు మూలలా నాలుగు వెదురు కర్రలు పాతించేవాడు. బండిని వెనక్కి తీసుకుపోయి, మలుపు తిప్పి, ఆ కర్రల మధ్య నిలబెట్టాలి. కర్రకు తగిలితే ఫెయిలు. గీత దాటితే ఫెయిలు. ముందుకు నువ్వు ఎంత బాగా నడిపినా ఆయన లెక్కలోకి రాదు. సంఘం వ్యానుకు కూడా అదే కావాలి. గోదాము ఉన్న గల్లీ ఎంత ఇరుకంటే బండి లోపల తిరగదు. రోడ్డు మీది నుంచి గోదాము దర్వాజా దాకా వెనక్కే పోవాలి.

నేను కూడా కర్రలు పాతాను, సున్నం గీశాను. రాజలింగన్న వెనక్కి చూస్తూ క్లచ్ వదిలాడు. బండి గొర్రెపోతులా ఒక్క దూకు దూకి ఆగింది. మళ్లీ దూకింది, ఆగింది. దూకినప్పుడల్లా నా తల పై రేకుకు తగిలింది.

"సగం వదులు అన్నా! సగంల ఆపు! క్లచ్ సగంల ఆపి కుడికాలు బ్రేకు మీద ఉంచు! రెండూ కదలొద్దు!"

"ఆపుతాన తమ్మీ."

"ఏడ ఆపుతానవ్? కాళ్లు సూసుకో! డ్యాన్స్ చేస్తాన్నవా?"

ఆయన ఆపుతున్నానని నిజంగానే అనుకుంటున్నాడు. కాళ్లు మాత్రం ఆయన మాట వినడం లేదు. ఎంత అరిస్తే అంత ఎక్కువ దూకేది బండి. కర్రల్లో రెండు ఆ రోజే విరిగాయి. సేటు కారు వెనక బంపరు మట్టి గడ్డకు గుద్దుకుని వంగింది. ఆ రాత్రి నేను దాన్ని సుత్తితో కొట్టి సరిచేస్తూ, లోకంలో ఉన్న మగ్గాలన్నిటినీ తిట్టాను.

రోజులు గడిచాయి గానీ రివర్సు రాలేదు. పరీక్షకు పిలుపు వచ్చింది. సారంగపాణి గారు పక్క సీట్లో కూర్చున్నాడు. రాజలింగన్న ముందుకు నడిపిన తీరు చూసి ఆయన తలాడించడం దూరం నుంచి నాకు కనబడింది. తరువాత బండి వెనక్కి తిరిగింది. ఒక్క దూకు. వెనక మూల కర్ర పటుక్కున విరిగి బంపరు కింద పడింది.

ఇన్‌స్పెక్టర్ దిగి, విరిగిన కర్ర ముక్క తీసుకుని రాజలింగన్న చేతిలో పెట్టాడు. "ఇది మనిషి కాలయితే?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇంకోసారి రా. ఈసారి కూడా ఇట్లాగే అయితే ఇప్పట్లో నా దగ్గరికి రాకు."

వెంకటరాజం సంగతి విని నిట్టూర్చాడు. హన్మకొండ నుంచి ఒకడు లైసెన్సు పట్టుకుని సంఘం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడట. "ఆ రెండో పరీక్ష దాకనే చూస్త. ఆ తెల్లారి బండి నడువాలె," అన్నాడు. రాయమల్లు ఆ రెండో పరీక్ష రోజు సాయంత్రం రైలుకు ఏర్పాటు చేసుకున్నాడు. పరీక్ష పాసైతే ఒక్కడే పోతాడు. లేకపోతే ముగ్గురూ పోతారు. ఇంట్లో మూటలు కట్టడం మొదలైంది.

నేను చేతులెత్తేశాను. నా వల్ల కాదని చెప్పడానికే ఒక మధ్యాహ్నం వాళ్ల ఇంటికి పోయాను. ముందు గదిలో మగ్గం, సగం నేసిన బట్టతో అట్లాగే ఉంది. దాని పక్కనే నేల మీద చాప వేసుకుని రాజలింగన్న నిద్రపోతున్నాడు. లచ్చవ్వ గోడకు ఆనుకుని, మూట ఒకటి కడుతూ విప్పుతూ కూర్చుంది.

"వదినె, నేను చెప్పొచ్చేదేందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

నిద్రపోతున్న మనిషి కాళ్లు కదులుతున్నాయి. ఎడమ పాదం కిందికి వంగుతోంది, కుడి పాదం పైకి లేస్తోంది. తరువాత కుడిది కిందికి, ఎడమది పైకి. తప్పకుండా, ఆగకుండా, ఒకే తీరుగా.

"ఇదేంది?"

"ఎప్పుడూ గంతే," అంది ఆమె. "నిద్రల గూడ నేస్తనే ఉంటడు. పెండ్లైన కొత్తల నాకు భయమయ్యేది. ఇప్పుడు ఆ కాళ్లు ఆడకపోతెనే భయమైతది."

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. గేర్లు మార్చడం ఆయనకు ఎందుకు అంత తొందరగా వచ్చిందో, రివర్సు ఎందుకు రాలేదో రెండూ ఒక్కసారే తెలిసిపోయాయి. చిన్నప్పటి నుంచి ఆ కాళ్లు మగ్గం గుంటలో రెండు చెక్కల మీద ఉన్నాయి. ఒకటి దిగితే ఒకటి లేవాలి. రెండూ కలిసి నిలబడడం ఆ కాళ్లకు తెలియదు. నేనేమో పక్కన కూర్చుని కదలొద్దు, కదలొద్దు అని గొంతు చించుకున్నాను.

"వదినె, మగ్గం మీద ఈ కాళ్లు ఎప్పుడన్న ఆగుతయా? రెండూ ఒక్కతీరుగ, కదలకుంట?"

ఆమె ఆలోచించలేదు. "పోగు తెగితె ఆగుతయ్," అంది.

మా మాటలకు రాజలింగన్న లేచాడు. పోగు తెగినప్పుడు ఏం చేస్తావో చూపించమన్నాను. గుంటలో దిగొద్దని లచ్చవ్వ అడ్డం వచ్చింది. "ఒక్కసారి," అని ఆయన దిగాడు. చెక్కల మీద కాళ్లు పెట్టి, నూలు కండె ఉండే నాడెను రెండు మూడుసార్లు అటూ ఇటూ ఆడించి నా వైపు చూశాడు. "పోగు తెగాలె గద తమ్మీ. తెగకుంటె ఎట్ల జూపియ్యాలె?"

 నేతపని వాళ్ల ఇంట్లో పోగును కావాలని తెంపరు. తెగితే అయ్యో అనుకుంటారు, ముడి వేసి దండం పెట్టుకుంటారు. పిల్లలు ఆటకు తెంపినా చేతి మీద దెబ్బ పడుతుంది. రాజలింగన్న చేయి పడుగు మీదికి పోయి వెనక్కి వచ్చింది. ఆయన వల్ల కాలేదు.

"జల్ది నెయ్యి," అంది లచ్చవ్వ. ఆయన నేస్తున్నాడు, కాళ్లు ఆడుతున్నాయి. ఆమె వంగి, పడుగులో ఒక పోగు వేలికి చుట్టుకుని లాగేసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను.

రెండు కాళ్లూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎడమది చెక్కను సగం నొక్కి పట్టుకుంది, కుడిది తాకీ తాకనట్టు నిలబడింది. ఆయన వంగి తెగిన కొనలు వెతికాడు, ముడి వేశాడు, కొసలు తుంచాడు. అంతసేపూ కాళ్లలో ఒక్క వేలు కూడా కదల్లేదు. ఆయనకు కాళ్లున్న సంగతే గుర్తున్నట్టు లేదు.

"ఇదే! ఇదే అన్నా! క్లచ్ సగంల ఆపుడంటే ఇదే!" అని నేను ఎగిరాను. ఎగిరితే మగ్గం తాడు నుదుటికి తగిలింది. దాన్ని కూడా ఆ సంతోషంలో తిట్టడం మరిచిపోయాను.

ఆ తరువాత పాఠం మారింది. ఆయన వెనక్కి తిప్పుతుంటే నేను క్లచ్ అనలేదు, బ్రేకు అనలేదు. "పోగు తెగింది!" అని కేక వేసేవాణ్ని. కాళ్లు నిలిచిపోయేవి, బండి మెల్లగా, నీళ్ల మీద పోయినట్టు వెనక్కి జరిగేది. అన్నిసార్లూ కాదు. భయం వేస్తే మళ్లీ కాళ్లు నేయడం మొదలుపెట్టేవి. నేను కేక వేయడం ఒక్క క్షణం ఆలస్యమైనా కర్ర పడేది. పరీక్షలో నేను కారులో ఉండనన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే లచ్చవ్వ కూడా వచ్చింది. ఇంట్లో మూటలన్నీ కట్టి గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. "ఏదైనా గానీ, మళ్ల వాటిని చూసుకుంట ఇంట్ల కూసోలేను," అంది. లైసెన్సుల ఆఫీసు ప్రహరీ పక్కన నేను, ఆమె నిలబడ్డాం.

రాజలింగన్న కారు దగ్గరికి పోయి అలవాటుగా చెప్పులు విడిచాడు. జతగా పెట్టాడు. స్టీరింగు తాకి కళ్లకద్దుకున్నాడు. సారంగపాణి గారు పక్క సీట్లోకి ఎక్కబోతూ ఆగాడు. మొదటి పరీక్షలో ఈ చెప్పుల సంగతి ఆయన కంట పడలేదు.

"చెప్పులు వేసుకో."

"సార్, నాకు అలవాటు..."

"వట్టి కాళ్లతో బండి నడిపేవాళ్లకు నేను లైసెన్సివ్వను. వేసుకుంటావా, పోతావా?"

 అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆయన చెప్పులతో పెడలు తొక్కలేదు. ఆయనకు తెలిసినదంతా పాదాలకే తెలుసు. చెక్క తగిలినట్టు పెడలు తగిలితేనే ఆ కాళ్లకు ఎంత నొక్కాలో తెలిసేది. మధ్యలో టైరు ముక్కంత మందం తోలు వస్తే ఏం తెలుస్తుంది? మైదానంలో ఆ చెప్పుల కోసం నేను అరిచినప్పుడు వేసుకుని ఉంటే ఇప్పుడీ బాధ ఉండేది కాదు గదా అని పళ్లు నూరాను. నేను ముందుకు ఒక అడుగు వేశాను. ఇన్‌స్పెక్టర్ నా వైపు వేలు చూపించాడు. "బయటి నుంచి ఒక్క మాట వినబడిందా, పరీక్ష అక్కడికి అయిపోయినట్టే."

రాజలింగన్న చెప్పులు వేసుకుని ఎక్కాడు.

ముందుకు బాగానే పోయింది. పోతుందని నాకు తెలుసు. లచ్చవ్వ నా చొక్కా చేయి పట్టుకుంది. కారు చుట్టు తిరిగి వచ్చి, సున్నం గడి ముందు ఆగింది. రాజలింగన్న తల వెనక్కి తిరిగింది. ముఖమంతా చెమట. గేరు పడిన చప్పుడు వినబడింది.

బండి దూకింది.

ఆగింది. మళ్లీ దూకింది. వెనక కర్రకూ బంపరుకూ మధ్య జానెడు కూడా మిగల్లేదు. పోగు తెగిందన్న కేక నా నోటిదాకా వచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ఆ చేతిని నేనే కొరికాను. పక్కన లచ్చవ్వ కళ్లు మూసుకుంది. కారులోంచి దగ్గు వినబడింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. ఆ దగ్గుతో ఇంక అయిపోయింది అనుకున్నాను. సాయంత్రం రైలు, భివండీ షెడ్డు, రాయమల్లు తువ్వాల అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి.

దగ్గు ఆగింది. రాజలింగన్న గొంతు పెద్దగా వినబడింది. "పోగు తెగింది!"

"ఏమిటి? ఏం తెగింది?" ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి తలుపు పట్టుకోవడం అద్దంలోంచి కనబడింది.

 రాజలింగన్న తరువాత చెప్పాడు నాకు. ఆ క్షణంలో పక్కన ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని కూడా ఆయనకు తెలియలేదట. లచ్చవ్వ తెంపిన పోగు ఒక్కటే కళ్ల ముందు ఉందట. దాని కొనలు వెతుకుతున్నట్టే అనిపించిందట.

కారు కొద్దిగా ముందుకు జరిగి, సర్దుకుని, వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. దూకలేదు. ఆగలేదు. ఇంజను సన్నగా మూలుగుతూ ఉంటే, చక్రాలు తిరుగుతున్నాయో లేదో తెలియనంత మెల్లగా పోయింది. మొదటి కర్ర దాటింది. రెండోది దాటింది. వెనక గీత దగ్గరికి వచ్చి నిలిచింది. నాలుగు కర్రలూ నిలబడే ఉన్నాయి.

సారంగపాణి గారు దిగి బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంతకీ ఏం తెగిందయ్యా?" అన్నాడు.

"పోగు సార్."

"కార్లో పోగేమిటి?"

 "ముడేసిన సార్," అన్నాడు రాజలింగన్న. ఇన్‌స్పెక్టర్ ఒకసారి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "రేపు వచ్చి లైసెన్సు తీసుకుపో," అన్నాడు. లచ్చవ్వ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను గానీ, ఏడ్చాను.

సాయంత్రం రాయమల్లు ఒక్కడే రైలెక్కాడు. వదినె ఇంటికి పోయి మూటలన్నీ విప్పేసింది.

కథ అక్కడ అయిపోలేదు. లైసెన్సు చేతికి వచ్చిన రోజు వెంకటరాజం వ్యాను తాళాలిచ్చి, "గోదాము దాక తేగలిగితెనే తెచ్చినట్టు," అన్నాడు. రోడ్డు మీద వ్యానును నిలబెట్టి, తల వెనక్కి తిప్పి, రాజలింగన్న గల్లీలోకి రివర్సు మొదలుపెట్టాడు. చెప్పులు సీటు కింద ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఎట్లాగూ లేడు గదా. నేను పక్కన ఉన్నాను. రెండు వైపులా గోడలకూ వ్యానుకూ మధ్య చేయి పట్టేంత జాగా ఉంది. గల్లీలో ఇంటింటికీ మగ్గం. కుడివైపు, ఎడమవైపు, ముందు, వెనక, అన్నీ ఆడుతున్నాయి.

బండి దూకింది.

"పోగు తెగింది!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. చుట్టూ అన్ని మగ్గాలు కొడుతుంటే ఆ కాళ్లు ఎట్లా ఆగుతాయి? ఆయన బ్రేకు తొక్కి చెమట తుడుచుకున్నాడు. "తమ్మీ, నా తోని కాదు. చప్పుడు నా కాళ్లల్ల ఎక్కుతాంది," అన్నాడు. గోదాము దగ్గర వెంకటరాజం నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

వ్యాను వెనకవైపు, గల్లీ లోపల నడుస్తున్న లచ్చవ్వకు ఎట్లా అర్థమైందో, కొంగు నడుముకు దోపుకుని గోదాము వైపు ఉరికింది. మొదటి గుమ్మంలోకి తల పెట్టి, "జర మగ్గం ఆపుండ్రి! మీ రాజలింగు బండి తెస్తాండు!" అంది. అక్కణ్నుంచి రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఆమె పోతూ ఉంటే ఆమె వెనక ఒక్కొక్క చప్పుడూ ఆగుతూ వచ్చింది. గల్లీ చివరిది కూడా ఆగాక, వ్యాను ఇంజను ఒక్కటే మిగిలింది. గుమ్మాల్లో జనం నిలబడ్డారు.  ఆ నిశ్శబ్దంలో రాజలింగన్న వ్యానును గోడకు తాకకుండా గోదాము దర్వాజా దాకా తీసుకుపోయాడు.

అది గల్లీకి అలవాటైపోయింది. రోడ్డు మీద హారను వినబడితే చాలు, మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగేవి. బండి గోదాము దగ్గర నిలిచి, రెండోసారి హారను కొడితే మళ్లీ మొదలయ్యేవి. ఏడాది తిరిగేసరికి ఆయన కాళ్లకు ఆ అవసరం లేకుండా పోయిందని నాకు తెలుసు. అయినా వాళ్లు ఆపేవాళ్లు, ఆయన ఆగేవాడు. దగ్గు చాలావరకు తగ్గింది. మనిషి ఒళ్లు చేశాడు. నిద్రలో కాళ్లు ఆడడం మాత్రం పోలేదని వదినె నవ్వుతూ చెప్పేది.

నేను పెళ్లి చేసుకుని డోర్నకల్ వైపు వెళ్లిపోయాను. వచ్చినప్పుడల్లా కాశిబుగ్గకు పోకుండా ఉండేవాణ్ని కాదు. ఎనభైల్లో పోయినప్పుడల్లా గల్లీ కొంచెం పలచబడేది. ఫలానా వాళ్లు భివండీ పోయారు, ఫలానా వాళ్లు సూరత్ పోయారు అని రాజలింగన్న చెప్పేవాడు. వాళ్ల మూటలను స్టేషన్‌కు చేర్చింది కూడా ఆయన వ్యానే. రాయమల్లు చనిపోయాడన్న కబురు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

ఎనభై తొమ్మిదిలో ఒకసారి స్టేషన్‌లో దిగితే ఆయన వ్యానుతో కనబడ్డాడు. ఎక్కించుకున్నాడు. దారంతా నన్ను ఆటపట్టించాడు. జుట్టు పోయింది, కోపం మాత్రం పోలేదేం తమ్మీ అన్నాడు. గల్లీ మొదట్లో ఆగి హారను కొట్టాడు. తల వెనక్కి తిప్పి, గేరు మీద చేయి పెట్టి కూర్చున్నాడు.

కదల్లేదు.

"ఏందన్నా? పోనియ్యరాదు?"

"ఆగు. మగ్గాలు ఆగనీ."

నేను విన్నాను. ఏ చప్పుడూ లేదు. రెండు గుమ్మాలకు తాళాలు కనబడుతున్నాయి. ఒక ఇంట్లో ఎవరో రేడియో పెట్టుకున్నారు, అంతే.

"ఏ మగ్గాలన్నా?" అన్నాను మెల్లగా.

ఆయన చాలాసేపు వింటూనే ఉన్నాడు. "పోయిన వారం దాక సాంబయ్యదొక్కటి ఉండె," అన్నాడు. తరువాత క్లచ్ వదిలాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా గోడకు తాకని బండి, మగ్గం చప్పుడే లేని ఆ గల్లీలో, గోడను రాసుకుంటూ పోయింది. రేకు కీచుమంది. ఆయన ఇంజను ఆపేశాడు. దిగి ఎంత గీసుకుందో చూసుకోలేదు. ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

ఏదన్నా మాట్లాడదామని ఆయన వైపు తిరిగి, కిందికి చూశాను. ఆపేసిన బండిలో, పెడళ్ల మీద ఆయన వట్టి కాళ్లు ఆడుతున్నాయి. ఎడమది దిగితే కుడిది లేస్తోంది, కుడిది దిగితే ఎడమది లేస్తోంది.

ఈసారి నేను అరవలేదు. ఆ కాళ్లు ఆగేదాకా పక్కనే కూర్చున్నాను.